మాస్టారూ, ముగ్గులు ఎవరూ చూడ్డం లేదు!

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది ఆమదాలవలస. మూడేళ్లుగా ముగ్గుల వెబ్‌సైట్ నడుపుతున్నాను. పింటరెస్ట్‌లో బొమ్మలు పెడితే అక్కణ్ణుంచే జనం వచ్చేవారు. మొన్న సంక్రాంతి నెలలో రోజుకు ఆరేడు వందల మంది వచ్చారు. ఇప్పుడు, మార్చి నెలాఖరుకి, ముప్ఫై మంది వస్తే గొప్ప. ఫిబ్రవరిలో డబ్బు పోసి సైటుకు కొత్త డిజైన్ కూడా వేయించాను, లాభం లేకపోయింది. మా అత్తగారు ‘ఏటమ్మా, వాకిట్లో వెయ్యాల్సిన ముగ్గు ఫోన్లో వేస్తే ఎవలు తొక్కుతారు?’ అంటున్నారు. పాత పిన్నులన్నీ, అంటే పింటరెస్ట్‌లో లింకుతో పెట్టిన బొమ్మలన్నీ, తీసేసి కొత్త అకౌంట్ మొదలెట్టమంటారా? లెక్కల ఫొటోలు జత చేశాను.

జవాబు: తీసెయ్యొద్దమ్మా. ఆ పని నేను చేసి చేతులు కాల్చుకున్నాను. డ్రాయింగు మాస్టారుగా రిటైరయ్యాక పిల్లలకి పెన్సిల్ బొమ్మల పాఠాలు పింటరెస్ట్‌లో పెట్టేవాణ్ణి. మే నెలంతా మహా జోరు. జూన్ 12న బడులు తెరిచారు, నెల తిరక్కుండా చూసేవాళ్లు సగానికి పడిపోయారు. నా పని అయిపోయిందనుకుని ఓ రాత్రి కూర్చుని నూటపాతిక పిన్నులు తుడిచేశాను. మా మనవరాలు తర్వాతెప్పుడో పాత లెక్కలు తీసి, ‘తాతా, నిరుడూ జూన్‌లో ఇంతే కదా’ అంది. ముప్ఫై ఏళ్లు బడిలో పనిచేసినవాడికి ఎండాకాలం సెలవులు గుర్తు రాలేదంటే ఏం చెప్పమంటారు!

మీ విషయంలో రెండు దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మొదటిది అసలు దెబ్బే కాదు. ధనుర్మాసంలో మొదలై, రథం ముగ్గుతో పండగని సాగనంపాక ముగ్గుల కోసం వెతికేదెవరు? మార్చిని జనవరితో పోల్చకండి, నిరుటి మార్చితో పోల్చండి. మీది బిజినెస్ అకౌంటే కాబట్టి అనలిటిక్స్‌లో, అంటే పింటరెస్ట్ లెక్కల పేజీలో, తేదీలు మీరే ఎంచుకోవచ్చు. మీరు పంపిన ఫొటోల్లో నేను చూశాను. బొమ్మ ఎంతమంది కంట పడిందన్నది నిరుటి మార్చికీ ఈ మార్చికీ పెద్ద తేడా లేదు. దాచుకున్నవాళ్లూ అంతే ఉన్నారు. మీ సైటుకి వెళ్లే క్లిక్కులు కూడా కొంచెమే తగ్గాయి.

మరి ముప్ఫై మందేమిటి? పింటరెస్ట్ వాడి లెక్కలో జనం బయల్దేరారు. మీ ముగ్గుల పేజీల లెక్కలో మాత్రం చేరలేదు. టిక్కెట్లు తెగాయి, హాలు ఖాళీ. నాకు అనుమానం వచ్చి మీ పాత పిన్నులు ఓ పది నొక్కాను. ఏడింటికి ‘ఈ పేజీ దొరకలేదు’ అని వచ్చింది.

కొత్త డిజైన్ వేసినతను పేజీల చిరునామాలు మార్చేశాడు. ఇంతకుముందు చిరునామాలో సంవత్సరం, నెల, ఆ తర్వాత ముగ్గు పేరు ఉండేవి. ఇప్పుడు పేరొక్కటే ఉంది. చూడ్డానికి శుభ్రంగానే ఉంది, కాదన్ను. కానీ మీ పిన్నులన్నీ పాత ఇంటికే దారి చూపిస్తున్నాయి. మీరు పెట్టిన పిన్నుల్లో లింకు మీరు దిద్దుకోవచ్చు. జనం తమ బోర్డుల్లో దాచుకున్న వాటిని మాత్రం మీరు ముట్టుకోలేరు, అవి ఎప్పటికీ పాత చిరునామాతోనే తిరుగుతుంటాయి. మీరు కొత్త అకౌంట్ తెరిచినా వాటి రాత మారదు. అందుకని అతన్ని పిలిచి, పాత చిరునామాలన్నిటికీ 301 రీడైరెక్ట్ పెట్టమనండి. పాత గుమ్మం తట్టినవాణ్ణి కొత్త గుమ్మానికి పంపించడమే అది. ముగ్గు పేరు మారలేదు కాబట్టి పేజీ పేజీకీ విడిగా రాయక్కర్లేదు, ఒక్క నియమంతో మొత్తం కుదురుతుంది. అయ్యాక మీరే ఓ పాతిక పిన్నులు నొక్కి చూసుకోండి. ‘చేసేశానండీ’ అంటే నమ్మి ఊరుకోకండి.

ఇక కొత్త పిన్నుల సంగతి. మీ బొమ్మల మీద ‘అందమైన ముగ్గు’ అని రాస్తున్నారు. ముగ్గు కావలసిన మనిషి అలా వెతకదు. ‘15 చుక్కలు, సందు చుక్క 8 వరకు’ అని మీ అత్తగారు ఎలా చెబుతారో అలా రాయండి. పింటరెస్ట్ ఫేస్‌బుక్ లాంటిది కాదు, బొమ్మల్లో వెతుక్కునే చోటు. మాటలు దొరికితేనే బొమ్మ దొరుకుతుంది. మనవాళ్లు తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టడమే ఎక్కువ కాబట్టి టైటిల్‌లో అలా ఒకటి, తెలుగులో ఒకటి ఉండనివ్వండి. బొమ్మ నిలువుగా, 1000కి 1500 పిక్సెళ్లు. ఒకే పేజీకి రెండు మూడు వేరు వేరు బొమ్మలు చెయ్యొచ్చు: చుక్కలు పెట్టినప్పటిది, గీతలు కలిపినప్పటిది, రంగులు నింపినది. నాకైతే చుక్కలది బాగా నచ్చుతుంది. ఆడవాళ్లు దాచుకునేదీ అదే, ఎందుకంటే పొద్దున్నే వాకిట్లో పనికొచ్చేది అదే.

సంక్రాంతి పిన్నులు నెలా నెలన్నర ముందే, కార్తీకం వెళ్లేలోపే పెట్టండి. ఒక పిన్ను ఊపందుకోడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. భోగి నాడు పెట్టిన ముగ్గు ఉగాదికి తేలినా ఏం లాభం? సంక్రాంతి ఒక్కదాన్నే నమ్ముకోవద్దు కూడా. అరసవల్లి మీకు పక్కనే ఉంది, రథసప్తమికి సూర్యుడి ముగ్గులు మీరు కాక ఎవరు వేస్తారు? శ్రావణ శుక్రవారాలు, కార్తీక దీపాల ముగ్గులు ఉన్నాయి. అపార్టుమెంటు గుమ్మం ముందు పట్టే ఐదు చుక్కలవి, ఏడు చుక్కలవి ఏడాది పొడవునా నడుస్తాయి.

మీ అత్తగారికి మెలికల ముగ్గులు వచ్చా? వస్తే ఆవిణ్ణి బతిమాలి, వేళ్ల సందున పిండి జారుతుంటే చిన్న వీడియో తియ్యండి. మొహం చూపించొద్దంటే చెయ్యి చాలు.

ప్రశ్న: బొబ్బిలి దగ్గర గొల్లపల్లి మాది. మా వీణల రీల్స్ ఇన్‌స్టాగ్రామ్‌లో వేలల్లో చూసేవారు, ఇప్పుడు రెండు వందలు దాటడం లేదు.

జవాబు: బాబూ, మీ రీల్స్ మూలన ఇంకో యాప్ ముద్ర కనబడుతోంది. అలా వేరే చోటి ముద్రతో వచ్చిన వీడియోలు కొత్తవాళ్లకి తక్కువ చూపిస్తామని ఇన్‌స్టాగ్రామ్ 2021లోనే చెప్పింది. ముద్ర లేని అసలు వీడియోనే ఎక్కించండి. సెట్టింగ్స్‌లో అకౌంట్ స్టేటస్ అని ఉంటుంది, మీ వీడియోలు కొత్తవాళ్లకి సిఫారసు చెయ్యడానికి అడ్డేమైనా ఉంటే అక్కడ రాసి ఉంటుంది. ఇంకోటి, తయారైన వీణ ఎన్నిసార్లని చూస్తారు? ఒక్క పనస దుంగలోంచి ఏకాండి వీణ బయటికొచ్చే వరస చూపించండి. ఆ దుంగని తొలిచే చప్పుడు మీద పాట వెయ్యకండి దయచేసి.

ప్రశ్న: శ్రీకాకుళం నుంచి. బూడితి ఇత్తడి సామాన్లు అమ్ముతాను. 999 రూపాయలకి ఐదు వేల మంది ఫాలోవర్లని ఇస్తామంటున్నారు. తీసుకోనా?

జవాబు: వద్దు. ఆ ఐదు వేల మందిలో మీ చెంబు కొనేవాడు ఒక్కడూ ఉండడు. వాళ్లెవరూ చూడరు కాబట్టి, నలుగురికి చూపించాల్సిన యాప్ కూడా మీ బొమ్మ ఎవరికీ పట్టలేదనుకుంటుంది. మీరు పంపిన ఫొటోలో చెంబు మీద మీ మొహం, ఫోను, వెనక ట్యూబులైటు కనబడుతున్నాయి. చెంబు నీడపట్టున వరండాలో పెట్టి, రెండు పక్కలా తెల్ల పంచె పట్టించి, కాస్త దూరం జరిగి తియ్యండి.