“రిపోర్టు బాగా వచ్చింది, దేవుడు స్వస్థపరిచాడు, ఇక మందులెందుకు?” అంటున్నారని అడిగినవారికి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ అక్క కూతురికి ఐదేళ్లు. బ్లడ్ క్యాన్సర్, అందులో ఏఎల్ఎల్ అనే రకం అన్నారు. మొదటి నెల మందులు అయ్యాక ఎముక మజ్జ పరీక్షలో క్యాన్సర్ కణాలు కనపడలేదు. సంఘంలో కొందరు పెద్దలు “దేవుడు ముట్టాడు, ఆదివారం సాక్ష్యం చెప్పండి, ఇంకా మందులు ఎక్కిస్తే అవిశ్వాసం” అంటున్నారు. అక్క అటూ ఇటూ కాక నలిగిపోతోంది. ఈ దారిలో నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పమన్నారు.

మేం నడిచాం. మా చిన్నోడికి నాలుగేళ్లప్పుడు ఇదే జబ్బు. కిందిదంతా చదివే తీరిక లేకపోయినా అక్కకి ఈ ఒక్కటి చెప్పండి: మందులు ఆపొద్దు. సాక్ష్యం చెప్పాలనిపిస్తే చెప్పమనండి, సోమవారం పొద్దున్నే మాత్రం ఆస్పత్రిలో ఉండమనండి.

మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. తాతల కాలం నుంచి లూథరన్లం. వాడికి మూడు వారాలు జ్వరం వచ్చి పోతూ ఉండేది. దగ్గర్లో చూపిస్తే టైఫాయిడ్ అని మందులిచ్చారు. కాళ్లు నొప్పులంటూ నాలుగడుగులకే ఎత్తుకోమనేవాడు, గారాబం అనుకున్నాను. ఒకరోజు స్నానం చేయిస్తుంటే మోకాళ్ల కింద నీలం మచ్చలు, వీపు మీద ఎర్రటి చుక్కలు కనిపించాయి. దోమలేమో అని వేలితో నొక్కాను. మామూలు దద్దురైతే నొక్కినచోట తెల్లబడుతుంది కదా, అవి పోలేదు. మర్నాడు రక్తపరీక్ష, ఆ రాత్రికే హైదరాబాదు బస్సు.

జబ్బు పేరు తెలిసిన వారంలోనే బయటినుంచి ఒక ప్రసంగీకుడు మమ్మల్ని చూడటానికొచ్చాడు. వాడి తల మీద చెయ్యి పెట్టి, ప్రార్థన చేసి, నా వైపు తిరిగి “మీ ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉందమ్మా” అన్నాడు. ఆ రాత్రి మంచం పక్కన నేల మీద పడుకుని నా బతుకంతా తవ్వుకున్నాను. అత్తగారితో మాట పట్టింపు, పెళ్లిలో చెప్పిన ఒక అబద్ధం, వాడు కడుపులో ఉన్నప్పుడు ఇంత తొందరగా ఎందుకని ఏడ్చిన ఏడుపు. బిడ్డ రక్తంలో జబ్బుకి కారణం నాలో వెతుక్కోమని ఒక తల్లికి చెప్పడం కంటే క్రూరమైన పని నాకు తెలీదు. మీ అక్కతో ఎవరైనా అలా అనుంటే యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం చదవమనండి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపం అని శిష్యులు అడిగితే వాడిదీ కాదు, వాడిని కన్నవాళ్లదీ కాదని ప్రభువు చెప్పాడు.

మా సంఘం పాస్టరు అయ్యగారు వేరే మనిషి. ఆయనొచ్చి హిజ్కియా రాజు సంగతి చెప్పారు. రాజుకి చావుజబ్బు చేసింది, ఏడ్చి ప్రార్థన చేశాడు, దేవుడు విన్నాడు, ఇంకా పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానన్నాడు. అంతవరకూ అందరికీ తెలుసు. ఆ తర్వాత యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండుకి కట్టమన్నాడు. “దేవుడు మాట ఇచ్చేశాక ముద్ద ఎందుకయ్యా అని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదమ్మా, కట్టారు” అన్నారు అయ్యగారు. మా నాయనమ్మ గుంటూరు కుగ్లర్ ఆస్పత్రిలో పుట్టింది. 1883లో అమెరికా మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చినప్పుడు వాక్యం ఒక చేతిలో, మందు ఒక చేతిలో పట్టుకుని వచ్చింది. మా పెద్దలకి ఆ రెంటికీ తగాదా ఉంటుందని కూడా తెలీదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, రిపోర్టు బాగుంటే మందులెందుకని. మా డాక్టరమ్మ చెప్పింది నాకర్థమైన మాటల్లో చెప్తాను. సూక్ష్మదర్శినిలో కనపడలేదంటే లేవని కాదు. కళ్లకి చిక్కనన్ని ఇంకా దాక్కుని ఉంటాయి, వెన్నుపాము చుట్టూ ఉండే నీళ్లలో కూడా. అందుకే వైద్యం నెలతో అయిపోదు, రెండు, రెండున్నరేళ్లు సాగుతుంది. చివరి భాగంలో పిల్లలు బడికెళ్తూ, ఆడుకుంటూ రోజూ రాత్రి మెర్‌కాప్టోప్యూరిన్ మాత్ర, వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటారు. బాగున్న పిల్లకి మాత్ర మింగించడమే అన్నింటికంటే కష్టం, నన్నడగండి.

ఈ మెథోట్రెక్సేట్ మన భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో లెడర్లీ కంపెనీలో తయారుచేసిన మందు. దానికంటే ముందు వాళ్లే చేసిన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్, ఉన్న పిల్లలకి ఇచ్చి, 1948లో ఫలితం ప్రకటించాడు. 16 మంది పిల్లల్లో 10 మందికి మెరుగు కనిపించింది. జ్వరాలు తగ్గాయి, లేచి తిరిగారు. కానీ అది నిలవలేదు, జబ్బు తిరగబెట్టింది. అప్పటికి వాళ్ల దగ్గర వేరే మందు లేదు. ఆ తల్లులు ఎంత ప్రార్థించి ఉంటారో! రెండో మందు, మూడో మందు, అన్నీ కలిపి ఏళ్ల తరబడి ఇవ్వాలన్న తెలివి, ఇవన్నీ ఆ పిల్లల వెనకాల వచ్చినవే. ఈ రోజుల్లో సరైన వైద్యం పూర్తిగా అందితే ఏఎల్ఎల్ పిల్లల్లో ఎక్కువమంది బతుకుతున్నారు. ‘పూర్తిగా’ అన్న మాట మీ పెద్దలకి గట్టిగా చెప్పండి.

ఇంకో మందు విన్‌క్రిస్టిన్. అది బిళ్ళగన్నేరు మొక్క నుంచి వచ్చిందని తెలిసిన రోజు నేను కాసేపు మాట్లాడలేకపోయాను. మా ఊళ్లో సమాధుల తోటంతా ఆ పువ్వులే. ఎవరూ నాటరు, ఎవరూ నీళ్లు పొయ్యరు, మా తాతల రాళ్ల సందుల్లోంచి గులాబీరంగులో లేస్తాయి. (ఆకులు తెచ్చి కషాయం కాస్తామనేవాళ్లు మీ ఇంటికీ వస్తారు. వద్దనండి. ఆ మొక్క విషం. మందుగా మారాక కూడా కొలత తప్పితే ప్రాణాంతకమే.)

మీ విశ్వాసం ఎలా నిలబడిందని కూడా అడిగారు. నిజం చెప్తాను, కొన్నాళ్లు నిలబడలేదు. మా పక్క మంచం మీద ఆరేళ్ల బాబు ఉండేవాడు. వాళ్లమ్మ నాకంటే ఎక్కువ ప్రార్థన చేసేది, ఉపవాసాలుండేది. తెల్లకణాలు పడిపోయి ఇన్ఫెక్షన్ వచ్చి, రెండు రోజుల్లో ఆ బాబు పోయాడు. నా బిడ్డ ఉన్నాడు. దీన్ని ఏ సాక్ష్యంలో ఇరికించాలో నాకు ఈ రోజుకీ తెలీదు. ఆ తర్వాత నెలపాటు నోరు తెరిస్తే ప్రార్థన రాలేదు. మా ఆయన ఎనభై ఎనిమిదో కీర్తన చదివేవారు, నేను వినేదాన్ని. అందులో చివరిదాకా చీకటే. అలాంటిది కూడా బైబిల్లో పెట్టి ఉంచినందుకు దేవుడి మీద నాకు కొంచెం నమ్మకం మిగిలింది.

ఆ నెలలోనే ప్లేట్‌లెట్లు కావాల్సి వచ్చాయి. ఫోన్ చేస్తే మా సంఘం యవ్వనస్తులు నలుగురు రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి దిగారు. ఒకడికి నరం దొరకలేదని తిప్పి పంపితే మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. మిగతావాళ్లలో ఒకడు గంటకి పైగా మెషిన్ పక్కన చెయ్యి చాపుకుని పడుకున్నాడు. సంచిలో అవి పలచటి పసుపునీళ్లలా ఉంటాయి. ఆ సంచి మా వాడి మంచానికి తగిలించినప్పుడు, పక్షవాతపు మనిషిని ఇంటికప్పు విప్పి దించిన నలుగురూ గుర్తొచ్చారు. మార్కు అక్కడ యేసు ‘వారి విశ్వాసము’ చూశాడని రాశాడు. పడుకున్నవాడికి విశ్వాసం ఉందో లేదో చెప్పలేదు. నాకు లేనప్పుడు వాళ్లు మోశారు. మీ అక్కకి కూడా ఇప్పుడు సరిపడా విశ్వాసం ఉండక్కర్లేదు, మోసేవాళ్లు ఉంటే చాలు. పెద్దలకి చెయ్యాలని ఉంటే చెయ్యడానికి ఇది ఉంది.

వెన్నులోకి మందు ఎక్కించే సూది ముందు మా వాణ్ణి రొయ్యలా ముడుచుకోమనేవారు. ఒకసారి మత్తు ఎక్కించేముందు నన్నడిగాడు, “అమ్మా, మేకులు కొట్టేటప్పుడు యేసయ్యకి మత్తిచ్చారా?” నాకు గొంతు పెగల్లేదు. బోళం కలిపిన ద్రాక్షారసం ఇచ్చారు, ఆయన పుచ్చుకోలేదు. అదే చెప్పాను. “అయితే ఆయనకి బాగా నొప్పెట్టి ఉంటుంది” అని కళ్లు మూసుకున్నాడు. ఆ వైద్యం మొత్తంలో నేను విన్న ప్రసంగం అదొక్కటే.

రోజువారీ సంగతులు కొన్ని. స్టెరాయిడ్లు వేసే రోజుల్లో పిల్ల అర్ధరాత్రి లేచి అన్నం అన్నం అంటుంది, కోపంతో వస్తువులు విసురుతుంది. అది మందు గుణం, పిల్లని తిట్టొద్దు. రక్తకణాల కౌంట్లు తగ్గినప్పుడు ఇంటినిండా జనం చేరి ప్రార్థన పెట్టనివ్వొద్దు. మా అయ్యగారు వరండా బయట నిలబడి ప్రార్థన చేస్తే వీడు కిటికీ ఊచలు పట్టుకుని ఆమేన్ అనేవాడు, అది సరిపోయింది. థర్మామీటర్ ఎప్పుడూ దగ్గరుండాలి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా ఆగకూడదు, ఆదివారం ఆరాధన మధ్యలో అయినా లేచి ఆస్పత్రికి వెళ్లాల్సిందే. డాక్టర్ని అడక్కుండా టీకాలు, నాటుమందులు వద్దు. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు సంగతి ఆస్పత్రి కౌంటర్లో వెంటనే అడగమనండి.

మా వాడికి మందులు ఆపి మూడేళ్లయింది. ఇంకా పరీక్షలకి వెళ్తూనే ఉన్నాం, రిపోర్టు చేతికొచ్చేదాకా నాకు ఇప్పటికీ కాళ్లు వణుకుతాయి.

పాప రక్తం గ్రూపేంటో, వైద్యం ఏ ఊళ్లో జరుగుతోందో నాకు సందేశం పెట్టండి. ఆ రోజు నరం దొరక్క ఏడ్చిన పిల్లాడు ఇప్పుడు మా సంఘంలో రక్తదాతల పట్టీ చూస్తున్నాడు, అతనితో చెప్తాను.