తిప్పతీగ కషాయం తాగుతుంటే కళ్లు పచ్చబడ్డాయి: సమాధానం

నమస్కారమండీ. బొబ్బిలిలో మీ అమ్మగారు మూడు నెలలుగా రోజూ పరగడుపున తిప్పతీగ కషాయం తాగుతున్నారని, ఇప్పుడు కళ్లు పచ్చబడ్డాయని, కషాయం కొనసాగించవచ్చా అని అడిగారు. వద్దండీ, ఈ రోజే ఆపించండి.

తీగపై నాకు కోపం లేదు. విజయనగరంలో మా పెరటి వేపచెట్టుకు పాకిన తీగనే మేమూ జ్వరాలకు వాడేవాళ్లం. అలర్జీ జలుబు ఉన్న 75 మందిపై ఎనిమిది వారాలు జరిపిన పరీక్షలో, ఈ తీగ వాడినవాళ్లకు తుమ్ములు, ముక్కు కారడం తగ్గాయి కూడా. అయితే 2021లో ముంబై వైద్యులు ఈ తీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నట్టు ప్రచురించారు. ఆ తర్వాత 13 వైద్య కేంద్రాల నుంచి 43 కేసులు బయటపడ్డాయి. చాలామందిలో శరీర రక్షణ వ్యవస్థే కాలేయంపై దాడి చేసినట్టు కనిపించింది. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు; పోలికగల మరో జాతి తీగ కావచ్చంది. ఆ వాదన తేలేవరకు మీ అమ్మగారి కాలేయం ఆగదు కదా!

రేపే కాలేయం స్థితి తెలిపే బిలిరుబిన్, ఎస్‌జీపీటీ, రక్తం గడ్డకట్టే తీరు చూపే ఐఎన్ఆర్‌తో పాటు హెపటైటిస్ పరీక్షలు చేయించండి. కామెర్లకు వేరే కారణమూ ఉండవచ్చు. వాడిన తీగ ముక్కను డాక్టరుకు చూపించి, ఎన్నాళ్లు తాగారో దాచకుండా చెప్పండి. షుగరు మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి, ఈ తీగ షుగరును ఇంకా తగ్గించవచ్చు. మగతగా ఉన్నా, మాట తడబడినా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా అప్పటికప్పుడే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. ఫలితాలు రాగానే ఇక్కడ రాయండి, ఎదురుచూస్తుంటాను.