నానమ్మ స్కాన్ చూసొచ్చి ఆ కోర్సే అడుగుతోంది

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు. ఆ మధ్య మా అమ్మకు హైదరాబాద్‌లో బోన్ స్కాన్ తీయిస్తే తోడు వెళ్లి, అక్కడి టెక్నాలజిస్టును ఏవేవో అడుగుతూనే ఉంది. అప్పటినుంచి బీఎస్సీ న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజీ చేస్తానంటోంది. ఇంజెక్షన్ చేశాక ఆ రోజు చంటిపిల్లల దగ్గరికి వెళ్లొద్దని మా అమ్మకే చెప్పారు. మరి రోజూ అక్కడే పనిచేస్తే? రేపు పెళ్లి సంగతి? బంధువులేమో హెల్త్‌కేర్ ఏఐ కోర్సులో చేర్చమంటున్నారు. ఏది మేలు?
– ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: అడ్మిషన్ల సీజన్ వస్తే చాలు, ఇలాంటి ఉత్తరాలు వస్తాయండీ. కోర్సు పేరు మారుతుందిగానీ లోపలి భయం అదే. ముందు దాని సంగతి చూద్దాం.

బోన్ స్కాన్‌కు ఇచ్చేది టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం. ఎముకకు పట్టే మందుకు దాన్ని జతచేసి నరంలోకి ఎక్కిస్తారు. ఎముకలో ఎక్కడ మార్పు ఎక్కువగా జరుగుతుంటే అక్కడ ఎక్కువ చేరుతుంది. దాన్నుంచి వచ్చే గామా కిరణాలను కెమెరా పట్టుకుంటుంది. దాని అర్ధాయువు, అంటే సగానికి తగ్గే సమయం, 6 గంటలు. అంటే 24 గంటలకు పదహారో వంతే మిగులుతుంది. మూత్రంలోనూ పోతుంది కాబట్టే నీళ్లు బాగా తాగమంటారు. మీ అమ్మగారికి చెప్పిన జాగ్రత్త ఆ ఒక్కరోజుకే.

ఇక రోజూ పనిచేసేవాళ్ల సంగతి. పొద్దున్నే పని మొదలయ్యేది హాట్ ల్యాబ్‌లో, అంటే రేడియోధార్మిక మందులు సిద్ధం చేసే గదిలో. అక్కడ సీసం కవచం మధ్య జనరేటర్ అనే పరికరం ఉంటుంది. లోపలి మాలిబ్డినం-99 క్రమంగా టెక్నీషియంగా మారుతుంటుంది. ఒకవైపు సెలైన్ సీసా, ఇంకోవైపు గాలి తీసేసిన ఖాళీ సీసా గుచ్చితే, సెలైన్ లోపలినుంచి పారి టెక్నీషియాన్ని కడిగి తెస్తుంది. చూస్తే మామూలు నీళ్లలాగే ఉంటుంది. మర్నాటికి మళ్లీ ఊరుతుంది. ఆ రంగంలో దీన్ని మిల్కింగ్ అంటారు, మన పాలు పితకడమే. ఎంత వచ్చిందో కొలిచి, టైమ్ రాసి, సిరంజిని కూడా కవచంలో పెట్టి వాడతారు.

ఒంటిమీద ఎప్పుడూ టీఎల్‌డీ బ్యాడ్జి ఉంటుంది. ఎంత రేడియేషన్ తగిలిందో అదే చెబుతుంది. అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ పెట్టిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. గర్భం వచ్చిందని తెలియగానే చెప్పాలి. అప్పటినుంచి కడుపులో బిడ్డకు 1 మిల్లీసీవర్ట్ మించకుండా పని మారుస్తారు. రిస్కే లేదని నేననను. సిరంజి పట్టుకునే వేళ్లకు ఎక్కువ తగులుతుంది. తొందరలో కవచం పక్కన పెట్టేవాళ్లకే నిజమైన ప్రమాదం. అది చేతి అలవాటు, నేర్చుకుంటే వస్తుంది.

ఇప్పుడు కొంచెం గట్టిగా చెప్తాను, ఏమీ అనుకోకండి. సంబంధాలవాళ్లు ఏమంటారోనని అడిగారుగానీ, ఆ రోజు అక్కడ ఏం చూశావమ్మా అని పిల్లను అడిగారా? పద్దెనిమిదేళ్ల పిల్ల ఒక పనిని కళ్లారా చూసి ఇష్టపడటం ఎంత అరుదో నాకు తెలుసు. నా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామంది కాలేజీ పేరు చెప్తారుగానీ, రేపు చేయబోయే పని చెప్పలేరు.

హెల్త్‌కేర్ ఏఐ విషయంలో నాకు అనుమానాలున్నాయి. ఏఐ వద్దని కాదు, స్కాన్లు చదవడంలో అది సాయం చేస్తోంది, ఇంకా చేస్తుంది. కానీ ఆ పేరుతో వచ్చిన కొన్ని డిగ్రీల సిలబస్ చూశాను. లెక్కలు లోతుగా లేవు, ఆసుపత్రి ముఖమే లేదు. ఇంటర్‌లో లెక్కలు వదిలేసిన పిల్ల అలాంటి డిగ్రీతో బయటికొచ్చి, గట్టి మ్యాథ్స్ ఉన్న బీటెక్ పిల్లలతో పోటీ పడాలి. లక్షల ఫీజు కట్టే ముందు ఆ సిలబస్ తెప్పించుకుని చదివారా? బ్రోచర్ మీద రోబో బొమ్మ చూసి చేర్చకండి. ముసలావిడ చేతిలో నరం దొరక్కపోతే ఓపిగ్గా వెతికేది మనిషే.

న్యూక్లియర్ మెడిసిన్‌లోనూ లోటుంది. సెంటర్లన్నీ పెద్ద ఊళ్లలోనే, కాబట్టి ఉద్యోగం నరసరావుపేటలో దొరకదు. రిపోర్టు రాసేది డాక్టరే, మీ అమ్మాయి టెక్నాలజిస్ట్ అవుతుంది, డాక్టర్ కాదు. ఈ తేడా ఆమెకు ముందే తెలియాలి. కావాలంటే డిగ్రీ తర్వాత ముంబయి పరేల్‌లోని రేడియేషన్ మెడిసిన్ సెంటర్‌లో డీఎంఆర్‌ఐటీ (మెడికల్ రేడియోఐసోటోప్ టెక్నిక్స్) డిప్లొమాకు ప్రయత్నించవచ్చు.

చేరే ముందు కాలేజీకి వెళ్లండి. సొంత గామా కెమెరా, హాట్ ల్యాబ్ ఉన్నాయా, లేకపోతే ప్రాక్టికల్స్‌కు ఏ ఆసుపత్రికి పంపుతారు, ఆ డిగ్రీ ఏఈఆర్‌బీ అర్హతకు సరిపోతుందా అన్నవి తేల్చుకోండి. జవాబు కాగితం మీద ఇవ్వకపోతే వచ్చేయండి. ప్రశ్నలు మాత్రం అమ్మాయినే అడగనివ్వండి, మీరు పక్కన కూర్చోండి.