పన్ను కడగడానికి సిరంజి చాలా, లేజర్ కావాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకి కింద దవడ పన్నుకి రూట్ కెనాల్ చేస్తున్నారు. లోపల సిరంజితో ఏదో మందు పోస్తుంటే బ్లీచింగ్ వాసన వచ్చిందని భయపడిపోయింది. ఇంకో క్లినిక్‌లో అడిగితే మేం లేజర్‌తో కడుగుతాం, ఖర్చు ఎక్కువవుద్ది అన్నారు. ఏది మంచిదండీ?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు అమ్మగారికి ధైర్యం చెప్పండమ్మా. అది సోడియం హైపోక్లోరైట్, బట్టల బ్లీచ్‌లో ఉండేదే, మేం 0.5 నుంచి 6 శాతం దాకా వాడతాం. క్రిముల్ని చంపుద్ది, చచ్చిన నరం ముక్కల్నీ కరిగించేస్తది, ఈ రెండో పని సెలైన్‌తో అవ్వదు. పోయగానే పంటి లోపల సన్నగా నురగ లేస్తది, కాసేపటికి నీళ్ళు మసకబారతాయి, అప్పుడు పీల్చేసి మళ్ళీ కొత్తది పోయాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు, నాకు బాధేసేది అదే, ఎందుకంటే ఫైల్‌తో (వేరు లోపల గీకే సన్న పనిముట్టు) ఎంత గీకినా కెనాల్ (పంటి వేరు లోపలి సన్న దారి) గోడల్లో మూడో వంతుకి పైగా ఫైల్ తగలకుండానే ఉండిపోద్ది, పైగా కింద దవడ పళ్ళల్లో రెండు కెనాల్స్ మధ్య సన్నటి చీలిక లాంటి దారి ఉంటది, అక్కడికి మందు తప్ప ఇంకేదీ పోదు.

గీకినప్పుడు గోడకి అంటుకునే పొడిని 17 శాతం ఈడీటీఏ అనే ఇంకో మందు తీసేస్తది. కొందరు క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిముల్ని చంపే మందు కూడా వాడతారు, కానీ మధ్యలో కడక్కుండా హైపోక్లోరైట్ మీద పోస్తే ఇటుక రంగు మడ్డి కట్టి సన్న దారులు మూసుకుపోతాయి.

ఇక సిరంజి సంగతి. సూది సన్నగా ఉండి, పక్కన రంధ్రం ఉన్నదైతే మంచిది, వేరు చివరికి ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందే ఆపాలి, బిగుసుకోకూడదు. అయినా చివర్లో గాలి బుడగ ఇరుక్కుని మందు అక్కడి దాకా పోదు, అందుకే అల్ట్రాసోనిక్ టిప్ (చాలా వేగంగా వణికే సన్న మొన) పెట్టి కొన్ని సెకన్లు కదిలిస్తాం. లేజర్‌తో కడగడమన్నా అంతే, మందులో బుడగలు పుట్టించి గోడలకి కొట్టించడం. ల్యాబ్ పరీక్షల్లో ఇవి సిరంజి కంటే శుభ్రంగా కడుగుతాయి, పేషెంట్లకి నయమవడంలో మాత్రం అంత తేడా తేలలేదు. అల్ట్రాసోనిక్ ఉంటే నేను వాడమంటాను, లేజర్ కోసం అప్పు మాత్రం చేయొద్దు.

వాసన పర్లేదు గానీ మందు గొంతులోకి దిగిందంటే రబ్బర్ డ్యామ్ (పన్ను చుట్టూ బిగించే రబ్బరు తెర) వేయలేదో, సరిగ్గా బిగించలేదో అన్నమాట, ఈసారి సరిగ్గా వేయమని గట్టిగా అడగండి. మందు పోసేటప్పుడు ఉన్నట్టుండి భరించలేని నొప్పి వస్తే, బుగ్గ పొంగితే, మందు వేరు దాటి ఉండొచ్చు, ఓర్చుకోకుండా వెంటనే చెయ్యెత్తమని అమ్మకి చెప్పండి.