తేజ్‌పూర్‌లో మిగ్-21 బడి: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21 విమానాలకు వీడ్కోలు పలికిన సందర్భంగా వచ్చిన వార్తల్లో, ఒకప్పుడు అస్సాంలోని తేజ్‌పూర్‌లో కొత్త పైలట్లకు ఆ విమానం మీదే యుద్ధ శిక్షణ ఇచ్చేవారని చదివాను. అంత వేగమైన విమానాన్ని కుర్రవాళ్ల చేతికి ఎందుకు ఇవ్వవలసి వచ్చింది? ఆ విభాగం తరువాత ఏమైంది? – ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: మీరు చదివినది నిజమే. ఆ విభాగం పూర్తి పేరు మిగ్ ఆపరేషనల్ ఫ్లయింగ్ ట్రైనింగ్ యూనిట్. వైమానిక దళంలో అందరూ దానిని పొడి అక్షరాలు కలిపి ‘మోఫ్టు’ అనేవారు. 1980ల దశకంలో తేజ్‌పూర్ స్థావరంలో అది ఏర్పడింది. అయితే దాని కథ అర్థం కావాలంటే మన హైదరాబాదు శివార్ల నుంచి మొదలుపెట్టాలి.

యుద్ధ విమాన పైలట్ కాబోయే యువకుడు దుండిగల్‌లోని ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో తొలి పాఠాలు నేర్చుకుని, ఆ తరువాత హకీంపేటలో జెట్ విమానం ఎక్కేవాడు. అక్కడ ఉన్నవి మన హెచ్‌ఏఎల్ తయారుచేసిన కిరణ్ విమానాలు, పోలండ్ నుంచి తెచ్చిన ఇస్క్రా విమానాలు. కిరణ్‌లో శిక్షకుడూ శిష్యుడూ పక్కపక్కనే కూర్చుంటారు కాబట్టి శిష్యుడి చెయ్యి ఎక్కడ తడబడుతోందో గురువు కళ్లారా చూడగలడు. దాని గరిష్ఠ వేగం గంటకు సుమారు 700 కిలోమీటర్లు. పొరపాటు జరిగినా సరిదిద్దుకోవడానికి అది కాస్త వ్యవధి ఇస్తుంది.

మిగ్-21 అలా కాదు. శత్రువుల బాంబర్లను ఎంతో ఎత్తులో అడ్డుకోవడానికి సోవియట్ యూనియన్‌లో రూపొందిన ఈ విమానం ధ్వనికి రెండింతల వేగాన్ని అందుకునేది. ఆ వేగం కోసమే దానికి త్రికోణాకారపు చిన్న రెక్కలు పెట్టారు. నేలకు దిగేటప్పుడు ఆ రెక్కలే కష్టం తెచ్చిపెడతాయి. వేగం ఏమాత్రం తగ్గినా విమానం ఎత్తు కోల్పోతూ కిందికి జారిపోతుంది కాబట్టి, గంటకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో రన్‌వేను తాకి, ఆ వెంటనే తోక దగ్గరి పారాచూట్ విప్పి ఆపవలసి ఉంటుంది. శిక్షణ కోసం జంట సీట్ల మిగ్‌లు ఉన్నమాట వాస్తవమే. కానీ వాటిలో శిక్షకుడి సీటు శిష్యుడి వెనుక ఉంటుంది, ముందున్నది సరిగా కనిపించదు. అందుకే తరువాత వచ్చిన రకంలో వెనుక సీటుకు పెరిస్కోపు అమర్చారు. శిష్యుడు విమానాన్ని దింపుతున్నంతసేపూ గురువు ఆ చిన్న అద్దంలో రన్‌వేను చూస్తూ, ఎప్పుడు కల్పించుకోవాలో క్షణాల్లో నిర్ణయించుకోవాలి. ఆ వెనుక సీట్లో కూర్చున్న శిక్షకుల ధైర్యానికి దక్కవలసినంత గుర్తింపు దక్కలేదని నా అభిప్రాయం.

కిరణ్‌కూ మిగ్‌కూ మధ్య ఒక మెట్టు ఉండాలని వైమానిక దళానికి తెలియక కాదు. చాలాకాలం ఆ మెట్టు పనిని బ్రిటిష్ హంటర్ విమానాలు చేశాయి. వాటికి వయసు మీరుతున్న కొద్దీ, పైలట్లు ‘టైప్ 77’ అని పిలుచుకునే పాత మిగ్-21 ఎఫ్‌ఎల్ విమానాలను శిక్షణకు మళ్లించారు. యుద్ధ విమానాల ప్రమాదాలపై 1982లో నియమించిన లా ఫొంటైన్ కమిటీ, ఉన్నత శిక్షణకు ప్రత్యేకమైన జెట్ విమానం కావాలని స్పష్టంగా సిఫారసు చేసింది. ఆ కమిటీకి నాయకత్వం వహించిన డెనిస్ లా ఫొంటైన్ కొద్ది కాలానికే వైమానిక దళాధిపతి కూడా అయ్యారు. అయినా బ్రిటన్ హాక్ విమానాల కొనుగోలుకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలపడానికి 2003 సెప్టెంబరు దాకా పట్టింది. 66 విమానాల ఒప్పందం మీద సంతకాలు 2004 మార్చిలో జరిగాయి. తొలి హాక్‌లు బీదర్‌లో లాంఛనంగా దళంలో చేరింది 2008 ఫిబ్రవరిలో. సిఫారసుకూ విమానానికీ మధ్య 26 ఏళ్లు గడిచిపోయాయి.

ఆ కాలంలో కూలిన మిగ్‌ల గురించి చెప్పుకొనేటప్పుడు ‘పైలట్ తప్పిదం’ అన్న మాట తరచుగా వినిపించేది. పై మెట్టుకూ కింది మెట్టుకూ నడుమ ఒక మెట్టే లేనప్పుడు, కాలు జారిన కుర్రవాడిని మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. ఆ విమానాన్ని ‘ఎగిరే శవపేటిక’ అనడం కూడా నాకు సమ్మతం కాదు. దానిని దాని పనికి వాడినప్పుడు అది దశాబ్దాల పాటు దేశాన్ని కాపాడింది. తొలి పాఠాలు నేర్పే పలకగా దానిని ఎవరూ రూపొందించలేదు.

చివరికి తేజ్‌పూర్ సుఖోయ్-30ల స్థావరంగా మారింది. శిక్షణలో మిగిలిన ఎఫ్‌ఎల్ విమానాలు పశ్చిమ బెంగాల్‌లోని కలైకుండాకు చేరి, 2013 డిసెంబరులో అక్కడే ఆఖరిసారి ఎగిరాయి.

ప్రశ్న: శిక్షణ విభాగాలకు చెందిన విమానాలు ఎప్పుడైనా యుద్ధంలో పాల్గొన్నాయా? – ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: పాల్గొన్నాయి. 1971 డిసెంబరు 5 ఉదయం రాజస్థాన్ ఎడారిలోని లోంగేవాలా వద్ద పాకిస్తాన్ ట్యాంకులపై విరుచుకుపడిన హంటర్లు జామ్‌నగర్‌లోని శిక్షణ విభాగం నుంచి యుద్ధం కోసం జైసల్మేర్‌కు తరలించినవే. వాటికి రాత్రిపూట దాడి చేసే సామర్థ్యం లేదు. కాబట్టి కింద భారత సైనికుల చిన్న దళం రాత్రంతా ఒంటరిగా నిలబడింది, తెల్లవారగానే హంటర్లు లేచాయి. దాక్కోవడానికి చెట్టూ గట్టూ లేని ఆ ఇసుక మీద ట్యాంకులు వాటికి దొరికిపోయాయి.

ప్రశ్న: ఇప్పుడు శిక్షణ ఎలా సాగుతోంది? మహిళా పైలట్లకు వేరే పద్ధతి ఉందా? – ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: వేరే పద్ధతి లేదమ్మా, అందరికీ దారి ఒక్కటే. దుండిగల్‌లో పిలాటస్, హకీంపేటలో కిరణ్, బీదర్‌లో హాక్, ఆ తరువాతే యుద్ధ విమానం. హాక్‌లో కూడా శిక్షకుడిది వెనుక సీటే. కానీ అది ముందు సీటు కన్నా ఎత్తుగా ఉంటుంది, శిష్యుడి తల మీదుగా రన్‌వే కనిపిస్తుంది. 2016 జూన్ 18న దుండిగల్‌లో అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ మన దేశపు తొలి మహిళా యుద్ధ విమాన పైలట్లుగా వైమానిక దళంలో చేరి, ఈ మెట్లన్నీ ఎక్కారు. 2018 ఫిబ్రవరి 19న అవని జామ్‌నగర్‌లో ఒంటరిగా నడిపింది మిగ్-21 బైసన్‌నే. తేజ్‌పూర్ తరం వారికి అందని హాక్ శిక్షణ పూర్తిచేసిన తరువాతే ఆమె అందులో కూర్చున్నారు.