ఊక బూడిద ఏ పద్దులో రాయాలి

అమ్మాయ్,

ఏ దేశం ఏ ప్రత్యామ్నాయ ఇంధనం వాడుతోందో పోలుస్తూ నువ్వు రాసిన వ్యాసం వాట్సాప్‌లో అందింది. ఫోన్‌లో చదివితే కళ్ళు లాగేస్తున్నాయని మనవడి చేత ప్రింట్ తీయించుకుని రెండుసార్లు చదివాను, రెండోసారి మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు అరుగు మీద కూర్చుని. మాస్టారూ అని రాశావు, నేను ఎవరికీ పాఠాలు చెప్పినవాణ్ణి కాదమ్మా, మండపేట దగ్గర ఒక రైస్ మిల్లులో ముప్పై ఏళ్ళు గుమస్తాగా పద్దులు రాసి రాత్రిళ్ళు కథలు రాసుకున్నవాణ్ణి, బాబాయ్ అను చాలు.

మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నా. "నేడు ప్రపంచ దేశాలన్నీ ప్రత్యామ్నాయ ఇంధనాల వైపు పరుగులు తీస్తున్నాయి" అన్న మొదటి లైను కొట్టెయ్, పాతికేళ్ళుగా ఆ లైను ప్రతి వ్యాసంలోనూ పరిగెడుతూనే ఉంది, దానికి ఆయాసం వచ్చేసింది. చివర్లో "ప్రజల్లో చైతన్యం రావాలి" కూడా కొట్టెయ్. మధ్యలో సరుకుంది, కష్టపడి చదివావని తెలుస్తోంది, కానీ నువ్వు దేశాలకి మార్కులు వేసుకుంటూ పోయావు. బ్రెజిల్ ఫస్టు, నార్వే సెకండు, జర్మనీ ఆ తర్వాత, మనం ఎక్కడో బోర్డర్ మీద పాసు. టెన్త్ రిజల్ట్స్ చదివినట్టుంది.

ఒక దేశం ఫలానా ఇంధనం ఎందుకు పట్టుకుందో చెప్పాలంటే ముందు ఆ దేశం ఇంట్లో ఏముంది, ఏది నిండుకుంది అన్నది చూడాలి. బ్రెజిల్నే తీసుకో. 1973లో అరబ్ దేశాలు ఆయిల్ బిగించేసరికి రేట్లు ఆకాశానికంటాయి, బ్రెజిల్ అప్పటికి ఎక్కువ భాగం ఆయిల్ బయట నుంచే కొనుక్కుంటోంది, ఇంకోపక్క చక్కెర రేటు పడిపోయి చెరకువాళ్ళు గగ్గోలు పెడుతున్నారు. ఈ రెండు తలనొప్పులకీ ఒకే మాత్రలాగా 1975లో ప్రోఆల్కూల్ అని, చెరకులోంచి ఆల్కహాల్ తీసి బళ్ళలో పోసే ప్రోగ్రాం మొదలెట్టారు. అప్పుడు అక్కడున్నది సైనిక ప్రభుత్వం, భూమి వేడెక్కుతోందన్న బెంగతో చేసిన పని కాదది. 1979లో పూర్తిగా ఆల్కహాల్ మీద నడిచే ఫియట్ 147 వచ్చింది, 80ల మధ్యకొచ్చేసరికి అక్కడ అమ్ముడయ్యే కొత్త కార్లలో ఎక్కువ భాగం ఆల్కహాల్ కార్లే. తర్వాతేమైంది? ఆయిల్ చవకయింది, చక్కెర రేటు లేచింది, ఫ్యాక్టరీలవాళ్ళు చెరకుని మళ్ళీ చక్కెర వైపు తిప్పేశారు, 1989, 90ల్లో బంకుల్లో ఆల్కహాల్ దొరక్క జనం క్యూలు కట్టారు, ఆ కార్లు కొన్నవాళ్ళు నెత్తి కొట్టుకున్నారు. పోయిన నమ్మకం తిరిగి రావడానికి 2003 దాకా పట్టింది, ఆ ఏడు ఏది పోసినా నడిచే ఫ్లెక్స్ బళ్ళు దిగాయి. నీ వ్యాసంలో 1975 ఉంది, 2003 ఉంది, మధ్యలో ఆ క్యూ లేదు. కథంతా ఆ క్యూలోనే ఉందమ్మా.

ఇంకోటి. అక్కడి డ్రైవరు బంకులో ఒక లెక్క వేసుకుంటాడు, ఆల్కహాల్ రేటు పెట్రోల్ రేటులో 70 శాతం లోపుంటే ఆల్కహాల్ కొట్టించుకుంటాడు, దాటిందా పెట్రోలే. ఎందుకంటే లీటరు ఆల్కహాల్లో ఉండే శక్తి లీటరు పెట్రోల్లో ఉన్నదానికి మూడింట రెండొంతులే. నువ్వేమో నాలుగో పేజీలో లీటరుకి లీటరు పెట్టి పోల్చేశావు, అది తప్పు, కిలోమీటరుకి ఎంతో చూడాలి. మన దగ్గర 20 శాతం ఇథనాల్, అంటే ఇదే ఆల్కహాల్, కలిపిన పెట్రోల్ వచ్చాక మైలేజీ తగ్గిందని జనం అన్నారు కదా, అది కొంతవరకు ఈ లెక్కే, పాత బళ్ళలో ఇంకాస్త తెలుస్తుంది. అయితే బ్రెజిల్ వాడికి బంకులో రెండు గొట్టాలున్నాయి, మనకి ఒకటే. ఈ ఒక్క ముక్క రాసుంటే నీ మూడు పేరాల పోలిక అవసరమే లేదు.

మిగతా దేశాల సంగతీ ఇంతే. ఫ్రాన్స్‌కి సొంత ఆయిల్ లేదు, బొగ్గూ అయిపోతోంది, అదే 1973 దెబ్బకి 1974లో అణు విద్యుత్తు వైపు మళ్ళింది. అదే అణువుని పక్కనున్న జర్మనీ భయపడి వద్దనుకుంది, 2023 ఏప్రిల్లో ఆఖరి రియాక్టర్లు కూడా మూసేసింది. ఒకే నది ఒడ్డున అటు ఇటు ఉన్న దేశాలు, ఒకరికి రక్షగా కనిపించింది ఇంకొకరికి ముప్పుగా కనిపించింది. వర్ణవివక్ష చూపిస్తున్నందుకు దక్షిణాఫ్రికాకి ఆయిల్ అమ్మేది లేదని ప్రపంచం మొహం తిప్పుకుంటే వాళ్ళు బొగ్గులోంచి పెట్రోల్ తీయడం బాగా పెంచారు, అదీ ప్రత్యామ్నాయ ఇంధనమే మరి, దాని పొగ సంగతి అడక్కు. నార్వేలో 2024లో అమ్మిన కొత్త కార్లలో పదింట తొమ్మిది కరెంటువే అని నువ్వు మురిసిపోయావు, నిజమే, వాళ్ళ కరెంటు కూడా దాదాపు అంతా జలవిద్యుత్తే, కానీ ఆ దేశం సముద్రంలోంచి తీసిన ఆయిలూ గ్యాసూ అమ్ముకుని బతుకుతోందని ఎక్కడా రాయలేదేం? మన చెరువుల ఆసామి ఫారం రొయ్యలు ఎక్స్‌పోర్ట్‌కి పంపి, ఇంట్లో కూరకి మాత్రం గోదావరి చేపే కావాలంటాడు చూడు, అట్లా. పైగా ఆ ఆయిల్ ఎవడు కాలిస్తే వాడి దేశం లెక్కలో పడుతుంది పొగ, అంటే భూమిని వేడెక్కించే కార్బన్, అమ్మినవాడి లెక్కలో కాదు. అంతర్జాతీయ పద్దు అలా రాస్తారు.

పద్దు అన్నాను కాబట్టి మా మిల్లు సంగతి చెప్తా.

ఉప్పుడు బియ్యం ఆడే మిల్లు మాది, బాయిలర్‌కి ఊకే ఇంధనం. నూరు కిలోల ధాన్యం ఆడితే ఇరవై కిలోల దాకా ఊక వస్తుంది, కొనక్కర్లేదు, బొగ్గు లారీ కోసం ఎదురుచూడక్కర్లేదు. ఇప్పటి భాషలో బయోమాస్, గ్రీన్ ఎనర్జీ, ఇంకా ఏవేవో. కానీ ఊకలో బూడిద చాలా ఎక్కువ, నూటికి పదిహేను ఇరవై వంతులు, అది గొట్టంలోంచి లేచి మిల్లు వెనక వీధి మీద పడేది. దగ్గరగా చూస్తే ఊక గింజ ఆకారం పోదు, నల్లటి బుల్లి పడవల్లా ఉంటాయి, వేలితో నలిపితే పొడై మరక పట్టేస్తుంది, కంట్లో పడితే ఆ పూటంతా గరగర. ఒకరోజు మధ్యాహ్నం వెనక వీధి ముసలావిడ ఒకావిడ తడారని తెల్లచీర చేతిలో పట్టుకుని ఆఫీసులోకి వచ్చింది. ఏమీ అనలేదు, తిన్నగా నా బల్ల దగ్గరకొచ్చి చీర దులిపింది, పుస్తకం నిండా నల్లపడవలు. "ఇది కూడా రాసుకోవయ్యా" అని వెళ్ళిపోయింది.

నేను రాయలేదు. ఎక్కడ రాయను? ఇంధనం ఖర్చు అన్న కాలమ్‌లో సున్నా ఉండేది.

ఆ సున్నా వల్లే ఇదంతా నీకు రాస్తున్నాను. దేశాల మధ్య తేడా ఏ ఇంధనం ఎంచుకున్నారన్న దగ్గర కన్నా, ఆ సున్నా పక్కన ఏం రాశారు, ఎవరి చేత మోయించారు అన్న దగ్గరే ఎక్కువ ఉంటుంది. అమెరికావాళ్ళు మొక్కజొన్నతో ఇథనాల్ తీస్తారు, 2005లో చట్టం చేసి 2007లో ఇంకా పెంచారు, వాళ్ళ మొక్కజొన్న పంటలో మూడోవంతుకి పైనే దానికి పోతుంది, పిప్పి తిరిగి పశువుల దాణాకి వస్తుందనుకో. దీనివల్ల పెట్రోల్ కన్నా పొగ తగ్గుతుందని ఒక లెక్క. 2008లో సెర్చింజర్ అనే ఆయనా ఆయన తోటివాళ్ళూ సైన్స్ పత్రికలో ఇంకో లెక్క వేశారు: ఇక్కడ తిండిపంట బండికి పోతే, ఆ తిండి కోసం ఇంకెక్కడో అడవి కొట్టి సాగు చేస్తారు, అదీ కలిపితే లాభం మాట దేవుడెరుగు, పొగ దాదాపు రెట్టింపవుతుంది అని. దాని మీద ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు, ఆ అడవి లెక్క ఎంత కలపాలన్నది తేలలేదు, కానీ కలపాలా వద్దా అన్న ప్రశ్న మాత్రం వచ్చి కూర్చుంది.

నీకు ఇది అర్థం కాలేదని ఆరో పేజీలో తెలిసిపోతోంది, పుస్తకంలో భాష అలాగే దింపేశావు. నీ ఊళ్ళోనే ఉందమ్మా ఇది. ఒకాయన వరిచేను తవ్వి రొయ్యల చెరువు చేస్తాడు. ఏడాది తిరిగేసరికి ఉప్పు ఊట పక్క చేలోకి దిగి మొక్క ఎర్రబడుతుంది. పక్కాయన రెండు పంటలు చూస్తాడు, ఇక వల్లకాక తనూ తవ్విస్తాడు. రెండో చెరువు ఎవరి ఖాతాలో రాస్తావ్? మొదటాయన తన గట్టు దాటలేదు, రూలు ప్రకారం ఆయన తప్పేం లేదు. దీన్ని రాసి, అక్కణ్ణించి ఇండోనేషియా వెళ్ళు. వాళ్ళు పామాయిల్‌తో బయోడీజిల్ చేసి 2025కి డీజిల్లో 40 శాతం కలిపే దాకా వచ్చారు, మా తోట మా ఇష్టం, ఆయిల్ దిగుమతి తగ్గుతోంది, లక్షల మంది చిన్న రైతులు బతుకుతున్నారు అంటారు. యూరప్ వాళ్ళేమో అడవులూ, కుళ్ళిన ఆకూ అలమూ పేరుకున్న పీట్ అనే చిత్తడి నేలలూ పోతున్నాయి కాబట్టి 2030కల్లా పామాయిల్ ఇంధనాన్ని మా గ్రీన్ ఇంధనాల లెక్కలోంచి తీసేస్తాం అంటారు. మీ అడవులు మీరు ఎప్పుడో కొట్టేసుకుని మాకు నీతులా అని వీళ్ళు. ఇద్దరి మాటలోనూ పస ఉంది. నువ్వు తీర్పు చెప్పడానికి తొందరపడకు, ఇద్దరి మాటనీ వాళ్ళు ఎంత గట్టిగా చెప్తారో అంత గట్టిగా చెప్పు, అప్పుడు చదివేవాడు ఇబ్బంది పడతాడు, పడాలి.

గ్యాస్ గురించి "స్వచ్ఛ ఇంధనం" అని రెండు చోట్ల రాశావు. కోనసీమలో పుట్టి ఆ మాట అంత తేలిగ్గా ఎలా రాశావ్? 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని అరవై రోజులు దాటి మండింది, నేను ఒక రాత్రి సైకిలేసుకుని వెళ్ళి చూశాను, చాలా దూరం నుంచే ఆకాశం ఎర్రగా కనపడింది, దగ్గరకెళ్తుంటే కొబ్బరాకు నీడలు రోడ్డు మీద పడి ఊగుతున్నాయి, అర్ధరాత్రి! 2014 జూన్ 27న తెల్లవారుజామున నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగా పోయారు. గ్యాస్ బొగ్గు కన్నా శుభ్రంగానే కాలుతుంది, అది అబద్ధం కాదు. ఎక్కడ శుభ్రం, ఎవరి పొయ్యిలో శుభ్రం అన్నది రాయి.

మన దేశం సంగతి నువ్వు ఒక్క పేరాలో తేల్చేశావు, దాన్నే పెద్దది చెయ్. 2003 ప్రాంతంలో అడవి ఆముదం వేస్తే డీజిల్ కష్టాలు తీరతాయని ఊదరగొట్టారు, అది నిలబడలేదు, ఒక లైను చాలు దానికి. పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ముందు 2030కి అనుకున్నది 2025కి ముందుకు జరిపారు, చేరారు కూడా, ముఖ్య కారణం క్రూడ్ నూటికి 85 వంతుల పైన మనం కొనుక్కోవడమే. అంటే మళ్ళీ బ్రెజిల్ కథే. మరి క్యూ ఎక్కడ అంటావా? 2023 జూలైలో బియ్యం రేట్లు పెరుగుతున్నాయని ప్రభుత్వ గోదాముల (ఎఫ్‌సీఐ) బియ్యం ఇథనాల్ తీసే డిస్టిలరీలకి ఆపేశారు, డిసెంబరులో చెరకు రసం మీద పట్టు బిగించారు, తర్వాత మళ్ళీ సడలించారు. తిండి రేటు లేస్తే బండి తిండి ఆగుతుంది, అంతే. ఈలోగా అందరూ మొక్కజొన్న మీద పడ్డారు, ఎప్పుడూ బయటికి అమ్మే మనం 2024లో కొనుక్కోవాల్సి వచ్చింది.

ఇంకో మాట, ఒకే దేశంలో కూడా ఒకే ఖర్చు కాదు. మన చేలకి ధవళేశ్వరం నుంచి కాలవ నీళ్ళు పల్లానికి వాటంతటవే వస్తాయి, 1852 నుంచీ అంతే, పంజాబులో అదే వరికి బోరు మోటారుతో భూమిలోంచి తోడాలి. రెండు బియ్యాలూ ఒకే ట్యాంకులో ఇథనాల్ అయిపోయాక నీళ్ళ తేడా ఎవడికి కనిపిస్తుంది?

టన్ను బియ్యానికి 400 పైచిలుకు లీటర్ల ఇథనాల్ వస్తుంది. ఈ అంకె రాయి, కానీ అంకె దగ్గర ఆగకు. నా రోజుల్లో నూకలు కోళ్ళ దాణాకి పోయేవి, అనపర్తి వైపు నుంచి ఫారాలవాళ్ళు మిల్లుల చుట్టూ తిరిగేవాళ్ళు, ఇప్పుడు నూకల లారీ డిస్టిలరీకీ వెళ్తోంది. ఫారం ఆయన్ని అడిగితే దాణా రేటు తిడతాడు, మిల్లాయన్ని అడిగితే ఇన్నాళ్ళకి నూకకి మర్యాద దక్కిందంటాడు, కౌలు రైతునడిగితే నూక రేటు నాకెందుకమ్మా నాకు ధాన్యం రేటు చెప్పు అంటాడు. ముగ్గురినీ అడుగు. ఫోన్లో అడక్కు, మనవాళ్ళు ఫోన్లో "ఆయ్, బానే ఉందండీ" అంటారు, అంతకు మించి రాదు.

వచ్చే ఆదివారం ఖాళీ ఉంటే రా. నూకల లారీలు పొద్దున్నే తొమ్మిది లోపు లోడై వెళ్ళిపోతాయి కాబట్టి ఏడింటికల్లా ఉండాలి, రావులపాలెంలో ఫస్ట్ బస్సు పట్టుకో. మిల్లు వెనక వీధిలోకి కూడా తీసుకెళ్తాను, గొట్టానికి ఇప్పుడు ఏదో ఫిల్టర్ పెట్టారట, బట్టలు ఎక్కడ ఆరేస్తున్నారో చూద్దాం. లేతరంగు చున్నీ వేసుకురాకు. నాలుగో పేజీ లెక్క మార్చుకుని తీసుకురా.

నీ బాబాయ్