బియ్యం డబ్బా వెనక బూట్లు

"నాకు 34 ఏళ్లు. మాది ఏలూరు. ప్రైవేటు పాఠశాలలో టీచరుగా పనిచేస్తున్నాను. బాబుకు ఏడేళ్లు, పాపకు మూడేళ్లు. పాప కడుపులో ఉన్నప్పుడు షుగర్ వచ్చింది, కాన్పయ్యాక పోయింది. మొన్న పరీక్ష చేయిస్తే రక్తంలో చక్కెర మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ) 6.1 వచ్చింది. రోజూ అరగంట నడవమని డాక్టరు చెప్పారు. తెల్లవారుజామున బయలుదేరితే పాప లేచి నా కోసం ఏడుస్తోంది. 'ఇంటెడు చాకిరీ చేసేదానికి మళ్లీ వ్యాయామం ఎందుకమ్మా? మేము నడకలకు వెళ్లి పిల్లల్ని పెంచామా?' అంటారు అత్తయ్యగారు. మావారు ఏమీ అనరు. ఎనిమిది రోజులు వెళ్లి మానేశాను. బూట్లు కంటపడితే మళ్లీ మాట వస్తుందని వంటింట్లో బియ్యం డబ్బా వెనక పెట్టాను. పసిదాన్ని ఏడిపించి నా ఒళ్లు చూసుకుంటున్నానా అని బాధగా ఉంది. నేను చేసింది తప్పా?"
– ఒక సోదరి

తప్పు కాదమ్మా. మీ ఉత్తరంలో నా మనసును పట్టుకున్నది ఆ బూట్లే. డాక్టరు మాత్ర రాసి ఇచ్చి ఉంటే, దాన్ని బియ్యం డబ్బా వెనక దాచేవారా?

ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన సంగతి ఒకటి ఉంది, అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన స్త్రీలకు, కాన్పు తర్వాత అది తగ్గిపోయినా, మున్ముందు మధుమేహం వచ్చే అవకాశం మిగతావారికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. మూడు నెలల సగటు 5.7 నుంచి 6.4 వరకు ఉంటే మధుమేహానికి ముందు దశ అంటారు. మీ 6.1 ఆ దశలోదే, కానీ ఇక్కడి నుంచి వెనక్కి రావచ్చు. ఈ దశలో ఉన్నవారిపై అమెరికాలో జరిగి 2002లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, వారానికి 150 నిమిషాల వ్యాయామంతో, కాస్త బరువు తగ్గడంతో మధుమేహం బారిన పడేవారు 58 శాతం తగ్గారు. చెన్నైలో మనవాళ్లపై చేసి 2006లో ప్రకటించిన అధ్యయనంలోనూ ఆహారంలో మార్పులు, నడకతోనే 28 శాతం తగ్గుదల కనిపించింది. రోజుకు అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు నడిస్తే ఆ 150 నిమిషాలు పూర్తవుతాయి.

అత్తయ్యగారి మాటలో కొంత నిజం ఉంది, కాదనకండి. నూతిలో నీళ్లు తోడి, రుబ్బురోలు తిప్పి, బట్టలు ఉతికిన తరానికి ఆ పనిలోనే వ్యాయామం దొరికింది. మీ పని వేరు. పొయ్యి దగ్గర నిలబడటం, తరగతిలో నిలబడటం, వంగి బొమ్మలు ఏరటం. నడుము పడిపోతుంది గానీ గుండె వేగం పెరగదు. పక్కవారితో మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత వేగంగా నడిస్తేనే డాక్టరు అడిగిన నడక అవుతుంది. పరీక్ష కాగితం తీసుకుని ఆవిడ పక్కన కూర్చుని ఈ మాట నెమ్మదిగా చెప్పండి. కోడలి ఒంట్లో బాగాలేదని ఆవిడకు ఇంతవరకు ఎవరైనా చెప్పారా? మీరు చెప్పి ఉండరనే నా అనుమానం.

ఇక పాప. నిద్రలేచి చూస్తే అమ్మ మాయమైపోవటమే మూడేళ్ల పిల్లను భయపెడుతుంది. రాత్రి పడుకునేటప్పుడే చెప్పండి: "పొద్దున నువ్వు లేచేసరికి అమ్మ నడకకు వెళుతుంది, నాన్న నీ దగ్గర ఉంటారు, నీకు పాలు కలిపే వేళకు వచ్చేస్తాను." చెప్పిన వేళకు రండి. మొదటి కొద్దిరోజులు ఏడుస్తుంది. ఆ ఏడుపును తండ్రి ఎత్తుకుని ఊరుకోబెట్టాలి. పిల్లలు అలాగే రెండో ఒడి నేర్చుకుంటారు.

"మావారు ఏమీ అనరు" అని రాశారు. నాకు చిక్కు అంతా అక్కడే కనబడుతోంది. అడ్డు చెప్పకపోవటం సాయం చేయటం కాదు. 2024లో దేశవ్యాప్తంగా జరిగిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటి పనుల్లో పాలుపంచుకునే ఆడవారు వాటికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, మగవారు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఈ తేడాలోంచి అరగంట అడగటానికి మీరు మొహమాట పడనక్కర్లేదు. "నేను నడకకు వెళ్లొచ్చా?" అని అనుమతి అడగకండి. "ఐదున్నర నుంచి ఆరున్నర వరకు పిల్లల బాధ్యత మీది, నేను నడిచి స్నానం చేసి వస్తాను" అని చెప్పండి. చెప్పాక పాలు కాచి, ఫలహారం సర్ది, జాగ్రత్తలన్నీ అప్పగించి మరీ వెళ్లకండి. ఆయన బాబుకు జత కలవని మేజోళ్లు తొడిగి ఉంటే అలాగే బడికి పోనివ్వండి. గుమ్మంలో అడుగుపెడుతూనే సరిదిద్దారంటే రేపటి నుంచి ఆ పని మళ్లీ మీదే.

పొద్దున కుదరని రోజు మానేయవద్దు. భోజనాల తర్వాత పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడిచినా మంచిదే, తిన్న వెంటనే పెరిగే చక్కెరకు ఆ నడక బాగా పనిచేస్తుంది. రాత్రి మేడ మీద పిల్లలతో కలిసి తిరగండి. వారానికి రెండు రోజులు కండరాలకు పని చెప్పాలి. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి పదేసిసార్లు లేచి కూర్చోవటం, గోడను రెండు చేతులతో నెట్టటం చాలు. కొంచెం నడవగానే ఆయాసం వస్తుంటే హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి, 12 కన్నా తక్కువ ఉంటే రక్తహీనతే.

మీరు అడగని మాట ఒకటి అంటాను. పిల్లల పళ్లెంలో మిగిలిన పెరుగన్నం పారేయలేక నిలబడే తినేస్తుంటారు కదూ? చాలామంది తల్లులు దాన్ని లెక్కలో వేసుకోరు, ఒళ్లు మాత్రం వేసుకుంటుంది. మీ పళ్లెం మీరు పెట్టుకుని, కూర్చుని, వేడి చల్లారకముందే తినండి.

ఇదంతా చేసినా మొదటి వారాల్లో మనసు పీకుతూనే ఉంటుంది. అది పోయాక వెళదామని ఆగకండి, దాన్ని వెంటపెట్టుకునే నడవండి. ఈ రాత్రికే ఆ బూట్లు తీసి వీధి గుమ్మం దగ్గర, మీవారి చెప్పుల పక్కన పెట్టండి. మూడు నెలలయ్యాక మళ్లీ పరీక్ష చేయించుకుని, ఎంత వచ్చిందో నాకు రాయండి.